ఎనిమిది గంటల సౌండ్‌ట్రాక్‌లో మనం నిజంగా వినేది ఎంత?

కృష్ణలంక శ్రోత (ప్రశ్న)

రోల్ ప్లేయింగ్ ఆటల, అంటే మనమే ఒక పాత్రగా మారి కథను నడిపించే వీడియో గేమ్‌ల, సంగీతం నిడివి గురించి కొన్ని నెలలుగా తేల్చుకోలేకపోతున్న సందేహం ఒకటి మీ ముందు పెడుతున్నాను.

నేను ఉండేది విజయవాడ, ఉద్యోగం గుంటూరులో. బస్సు వారధి ఎక్కిన దగ్గర నుంచి గుంటూరు బస్టాండులో దిగేదాకా దాదాపు గంట పడుతుంది; కాజ టోల్‌గేటు దగ్గర లారీలు బారు కడితే ఇంకో పావుగంట కలుపుకోవాలి. ఆ సమయాన్ని ఫోను చూస్తూ పోగొట్టుకోవడం ఇష్టం లేక, నేను పూర్తి చేసిన ఆటల సౌండ్‌ట్రాక్‌లను ఆల్బమ్‌లో ఉన్న వరుసలోనే, ఒక్క ట్రాకూ దాటవేయకుండా వినాలని ఉగాది నాడు నియమం పెట్టుకున్నాను. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7తో మొదలుపెట్టాను. నోబువో ఉయెమాత్సు కూర్చిన ఆ సంగీతం నాలుగు సీడీలు, 85 ట్రాక్‌లు, సుమారు నాలుగు గంటల నలభై నిమిషాలు. రెండు రోజుల రాకపోకలు పోగా, మూడో రోజు ఉదయం బస్సు నాగార్జున విశ్వవిద్యాలయం దాటుతుండగా ముగిసింది. తరువాత 2025లో వచ్చిన క్లేర్ ఆబ్స్‌క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 అందుకున్నాను. 154 ట్రాక్‌లు, ఎనిమిది గంటల పైమాటే. దాని సంగీత దర్శకుడు లోరియన్ టెస్టార్డ్‌కు అదే మొదటి ఆట అని తెలిసి మరింత ఆశ్చర్యపోయాను. తొలి సినిమాకే ఎనిమిది గంటల సంగీతం ఇమ్మంటే మన దగ్గర ఎంతటివారైనా చేతులెత్తేస్తారు.

అంతా విన్నాక ఒక సంగతి నన్ను ఇబ్బంది పెట్టింది. ఆ ఎనిమిది గంటల్లో చాలా భాగం నాకు బొత్తిగా గుర్తు లేదు. బాగా లేవని కాదు. విడిగా వింటే శ్రద్ధగా చేసినవే. కానీ ఆటలో అవి ఎక్కడ వచ్చాయో, ఏ సన్నివేశం వెనక వచ్చాయో పోల్చుకోలేకపోయాను. ఇందుకు పూర్తిగా భిన్నంగా, 2016లో వచ్చిన పెర్సోనా 5లో మామూలు పోరాటాలకు వచ్చే పాట ఉంది. ఆ ఆట పూర్తి చేయడానికి నాకు వంద గంటలు పట్టింది. పోరాటం మొదలైన ప్రతిసారీ అదే పాట, మళ్లీ మొదటి నుంచి. హాల్లో నేను ఆడుతుంటే, వంటింట్లో దొండకాయలు తరుగుతున్న మా అమ్మ, పాటలో ఒక్క మాట అర్థం కాకపోయినా, ఎత్తుగడను కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. "మళ్లీ కొట్లాట వచ్చినట్టుంది" అని అక్కడి నుంచే చెప్పేది.

అంటే నాలుగు నిమిషాల లోపు పాట ఒకటి మా ఇంట్లో స్థిరపడిపోయింది. ఎనిమిది గంటల ఆల్బమ్‌లో సగం బస్సు కిటికీలోంచి పోయింది. ఈ ఆటలకు ఇంత పొడవైన సంగీతం ఎందుకు అవసరమవుతోంది? నిడివి పెరిగినకొద్దీ పాలలో నీళ్లు కలిసినట్టు నాణ్యత పలచబడుతుందా, లేక నేను వినే పద్ధతిలోనే పొరపాటు ఉందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

బ్రాడీపేట అడ్డరోడ్డు

శ్రోత గారూ, ముందు మీ లెక్కలో చిన్న సవరణ. ఆల్బమ్ నిడివీ, సంగీత దర్శకుడు కూర్చిన సంగీతం నిడివీ ఒకటి కావు. ఆటగాడు ఒక ఊళ్లో రెండు నిమిషాలు ఉంటాడో రెండు గంటలు తిరుగుతాడో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి, ఆటలో బాణీ చివరికి వచ్చాక ఆగకుండా తిరిగి మొదటికి వెళుతుంది. అదే బాణీని సీడీకి ఎక్కించేటప్పుడు సాధారణంగా రెండు ఆవృత్తులు వినిపించి, శబ్దాన్ని మెల్లగా తగ్గించి ముగిస్తారు. మీరు బస్సులో విన్న నాలుగు గంటల నలభై నిమిషాల్లో చాలా ట్రాక్‌లు ఇలా రెండేసి సార్లు విన్నవే. కాబట్టి ఆల్బమ్ అట్ట మీది గంటలను చూసి భయపడనవసరం లేదు, మురిసిపోనూ అవసరం లేదు.

ఇక నిడివి ఎందుకు పెరిగిందన్నది యంత్రాల చరిత్రకు సంబంధించిన విషయం, నాకు ఇష్టమైన విషయం కూడా, అందువల్ల కొంచెం ఎక్కువ రాస్తే మన్నించండి. 1986లో ఫామికామ్ అనే నింటెండో వారి గేమ్ యంత్రానికి వచ్చిన మొదటి డ్రాగన్ క్వెస్ట్ ఆట మొత్తం, అంటే బొమ్మలు, మాటలు, సంగీతం అన్నీ కలిపి, 64 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లో, అంటే యంత్రంలో గుచ్చే చిన్న డబ్బాలో, ఇమిడింది. పొద్దున్నే మన ఫోన్లకు వచ్చే శుభోదయం బొమ్మ ఒక్కటే అంతకన్నా పెద్దదిగా ఉంటుంది. ఆ యంత్రంలో బాణీకి పనికొచ్చే స్వరాలు ఏకకాలంలో మూడే పలుకుతాయి. వాటికి తాళం కోసం గరగరమనే ఒక చప్పుడు తోడు. 1990 నాటి సూపర్ ఫామికామ్‌కు వచ్చేసరికి ఎనిమిది స్వరాలు, ధ్వనికి ప్రత్యేకంగా 64 కిలోబైట్ల మెమరీ దక్కాయి. 1994లో అదే యంత్రం మీద వచ్చిన ఫైనల్ ఫాంటసీ 6 చివరి పోరాటానికి ఉయెమాత్సు రాసిన సంగీతం ఆల్బమ్‌లో 17 నిమిషాలు దాటుతుంది.

అంత చిన్న మెమరీలో 17 నిమిషాలు ఎలా పట్టాయని నేను కూడా ఒకప్పుడు తల బద్దలు కొట్టుకున్నాను. కిటుకు ఏమిటంటే, ఆ యంత్రాల్లో ఉండేది రికార్డు చేసిన సంగీతం కాదు, స్వరలిపి. ఏ స్వరం, ఎంతసేపు, ఏ వాయిద్యం మీద అన్న ఆదేశాలు మాత్రమే ఉంటాయి. వాటిని చదివి యంత్రమే అప్పటికప్పుడు వాయిస్తుంది. సంగీత కళాశాల విద్యార్థి సంచిలో పట్టే స్వరలిపి పుస్తకంలో వంద కీర్తనలు ఉండవచ్చు, కానీ వీణ ఒక్కటి అందులో పట్టదు కదా. అలాగే అక్కడ నిడివి చవక, వాయిద్యాలు ఖరీదు. వయొలిన్ లాంటి ధ్వని నమూనా ఒకటి చేర్చాలంటే మరొకటి తీసేయాల్సి వచ్చేది. తరువాతి కాలపు ప్లేస్టేషన్ యంత్రంలో 24 స్వరాలు వచ్చాక కూడా, సంగీతాన్ని నేరుగా సీడీ నుంచి వినిపిస్తే ఆట లోడ్ కావడానికి ఆలస్యమవుతుందని ఫైనల్ ఫాంటసీ 7లో యంత్రం లోపలి ధ్వని చిప్ మీదే ఆధారపడ్డారు. మనుషుల బృందగానం వినిపించేది చివరి పోరాటంలోనే.

ఇప్పుడు లెక్క తలకిందులైంది. డిస్కులో జాగా కొదవ లేదు, కానీ గాయకులతో, వాద్యకారులతో చేయించే ప్రతి నిమిషమూ వారిని కూర్చోబెట్టి రికార్డు చేయవలసినదే. ఒకప్పుడు నిడివికి హద్దు గీసింది ఓపిక. ఇప్పుడు హద్దు గీసేది డబ్బు. డబ్బున్న చోట హద్దు ఉండదు, మీరు పోగొట్టుకున్న సగం అక్కడే పుట్టిందని నా అనుమానం.

మంగళగిరి మజిలీ

పై సమాధానంలో ఓపిక అన్న మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. 1995 నాటి క్రోనో ట్రిగర్ ఆటకు యాసునోరి మిత్సుదా సంగీతం ఇస్తున్నప్పుడు హార్డ్ డిస్క్ పాడైపోయి, పనిలో ఉన్న నలభై బాణీల దాకా పోయాయి. శ్రమ ఎక్కువై కడుపులో పుండ్లు పడి ఆసుపత్రి పాలైతే, మిగిలిన కొన్నిటిని ఉయెమాత్సు పూర్తి చేశారు. అంతా చేరి మూడు సీడీలు. అందులో నేను తీసేయదగిన ట్రాక్ ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను, దొరకలేదు. పొడవైతే పలచన అన్న మాట అందరికీ వర్తించదు. ఆ పొడవు ఎవరి ఒంటి మీదుగా వచ్చిందో మాత్రం మనం ఎనిమిది గంటలు, పది గంటలు అని లెక్కపెట్టేటప్పుడు గుర్తుంచుకుంటే బాగుంటుంది.

తెనాలి హార్మోనియం

మా నాన్నగారు పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఈ ఆటలు నాకు మా అబ్బాయి వల్ల తెలిశాయి, కాబట్టి యంత్రాల విషయంలో బ్రాడీపేట వారి మాటే ప్రమాణం. నిడివి గురించి మాత్రం మాకు పాత తగాదా ఒకటి ఉంది, అది ఇక్కడ పనికొస్తుందనుకుంటున్నాను.

పద్యం నాలుగు పాదాలు. చదివితే అర నిమిషం. రంగస్థలం మీద నటుడు పద్యం చివర రాగం అందుకుని, ఊపిరి బిగబట్టి, హార్మోనియం శ్రుతిని దాటి పైకి పోతుంటే, జనం వన్స్ మోర్ అని అరుస్తారు. కొందరు నటులు అదే పనిగా రాగం సాగదీసేవారు. అటువంటి రాత్రి నాన్నగారు తిత్తి మీద ఎడమ చెయ్యి ఆడిస్తూ, కుడి చేతి వేళ్లు మెట్ల మీద ఊరికే ఆనించి, పక్క తెర వెనక నిలబడిన నా వైపు చూసి కనుబొమలు ఎగరేసేవారు. రాగంలో చెప్పవలసింది అయిపోయింది, ఇక మిగిలింది ఊపిరి లెక్క మాత్రమే అని దానికి అర్థం. మరో నటుడు అంతే సేపు పాడినా నాన్నగారు కళ్లు మూసుకుని వెంట వెళ్లిపోయేవారు. గడియారం చూస్తే ఇద్దరిదీ ఒకటే నిడివి.

కాబట్టి శ్రోత గారు అడగవలసిన ప్రశ్న ఎన్ని గంటలని కాదు, ఎన్నోసారికి విసుగొస్తుందని. డ్రాగన్ క్వెస్ట్ సంగీత దర్శకుడు కోయిచి సుగియామా ఈ విషయాన్ని బాగా ఆలోచించిన మనిషి. 1931లో పుట్టిన ఆయన, టీవీకి, ప్రకటనలకు సంగీతం చేసి పేరు తెచ్చుకున్నాక, యాభై అయిదేళ్ల వయసులో ఈ ఆటల్లోకి వచ్చారు. అది కూడా షోగి, అంటే జపాన్ చదరంగం, వీడియో గేమ్ ఒకదాని గురించి డ్రాగన్ క్వెస్ట్ సంస్థకు తాను రాసిన కార్డు పుణ్యమా అని. ఎన్నిసార్లు విన్నా అరిగిపోని సంగీతం కావాలన్నది ఆయన పట్టుదల. మొదటి ఆటకు ఆయన చేసినవి పట్టుమని పది బాణీలు లేవు. సొరంగంలోకి దిగేటప్పుడు వచ్చే బాణీని గమనించండి. ఒక్కో అంతస్తు కిందికి దిగేకొద్దీ అదే బాణీ శ్రుతి తగ్గుతుంది, నడక నెమ్మదిస్తుంది. కొత్త స్వరం ఒక్కటీ రాయలేదు, అయినా లోతు పెరుగుతున్నట్టు చెవికి తెలుస్తుంది. 2021 జులై 23న టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో దేశదేశాల జట్లు నడిచి వస్తున్నప్పుడు మొట్టమొదట వినిపించింది కూడా డ్రాగన్ క్వెస్ట్ ప్రారంభ బాణీయే. ముప్ఫై అయిదేళ్లకు కూడా అది అరగలేదు.

మన సంగీతంలో దీన్ని సంగతులు వేయడం అంటాం. పల్లవిలో ఒకే పంక్తిని త్యాగరాజస్వామి కీర్తనల్లో ఐదారు విధాలుగా పాడతారు, ప్రతిసారీ సాహిత్యం అదే, నడత కొత్తది. 2017లో వచ్చిన నియర్: ఆటోమాటాలో కేయిచి ఒకాబే బృందం చేసింది దాదాపు ఇదే. ఒకే బాణీకి మెత్తని రూపం, ఉద్ధృతమైన రూపం, గొంతుతో ఒకటి, గొంతు లేకుండా ఒకటి, పాత యంత్రాల బీప్ శబ్దాలతో ఒకటి తయారు చేసి పెట్టుకున్నారు. ఆట నడుస్తుండగా సందర్భాన్ని బట్టి ఒకదాన్నుంచి మరొకదానికి అతుకు తెలియకుండా జారుకుంటారు. ఇవన్నీ విడివిడిగా లెక్క కడితే నిడివి కొండంత అవుతుంది, కానీ విన్నవాడికి అది ఒకే పాట. పైగా చాలా పాటల సాహిత్యం గాయని ఎమీ ఎవాన్స్ కల్పించిన లేని భాషలో ఉంటుంది. అర్థం కోసం చెవి వెతుక్కోదు, అందువల్ల కూడా తొందరగా విసుగు రాదేమో.

కృష్ణలంక శ్రోత

హార్మోనియం గారూ, మీ సమాధానం చదివాక ఒక పరీక్ష చేశాను. ఆదివారం రెండు గంటలు పెర్సోనా 5 ఆడుతూ, పోరాటం వచ్చిన ప్రతిసారీ కాగితం మీద గీత పెట్టాను. 26 గీతలు వచ్చాయి. వాటిలో పాట మొదటి చరణం దాటింది మూడుసార్లే, ఎందుకంటే మామూలు శత్రువులు నిమిషంలో పడిపోతారు, పాట మళ్లీ మొదటికి వస్తుంది. అంటే వంద గంటలు నేను విన్నానని చెప్పుకుంటున్న ఆ పాటలో నిజానికి విన్నది మొదటి భాగమే. రెండో చరణం ఉందన్న సంగతి కూడా బస్సులో ఆల్బమ్ వింటేనే నాకు తెలిసింది.

అదే ఆటకు 2019లో జపాన్‌లో వచ్చిన రాయల్ అనే కొత్త కూర్పులో, శత్రువును మనం ముందుగా ఏమరిపాటున పట్టుకుంటే వేరే పాట వచ్చేలా మార్చారు. ఆటగాళ్లు ఎక్కడ అలసిపోతున్నారో తయారీదారులకు కూడా తెలిసినట్టే ఉంది.

అయినా ఎనిమిది గంటల ప్రశ్న అలాగే ఉంది. ఒకే ఒక్కసారి వచ్చే సన్నివేశాలకు చేసిన సంగీతానికి అరగడం, అరగకపోవడం అన్న కొలత ఎలా వర్తిస్తుంది?

పటమట పద్దులు

ఇక్కడ అందరూ బాణీ మనసులో నిలవడమే నాణ్యత అన్నట్టు మాట్లాడుతున్నారు. నేను విభేదిస్తాను.

నాది అకౌంట్ల పని. ప్రతి నెలా 20వ తేదీ జీఎస్‌టీ రిటర్నుల గడువు దగ్గర పడుతుంటే, ముందు రెండు రాత్రులు ఆఫీసులో చెవుల్లో స్కైరిమ్ అనే ఆట సంగీతం పెట్టుకుని కూర్చుంటాను. 2011లో జెరెమీ సోల్ చేసిన ఆ ఆల్బమ్ నాలుగు సీడీలు. చివరి ట్రాక్ ఒక్కటే నలభై నిమిషాల పైన ఉంటుంది. అందులో కూనిరాగం తీయదగినది ఏమీ లేదు. గాలి, దూరంగా ఒక తీగ, మళ్లీ నిశ్శబ్దం. ఆ ట్రాక్ అయ్యేలోపు ఒక పార్టీ కొనుగోలు బిల్లులు మొత్తం సరిచూసేస్తాను. బాణీ మనసుకు పట్టుకుంటే అంకె తప్పుతుంది. ఆ ఆటలో కూడా సంగీతం అప్పుడప్పుడు పూర్తిగా ఆగిపోయి, మంచులో అడుగుల చప్పుడు మాత్రమే మిగులుతుంది. శ్రోత గారికి గుర్తు లేని సగం సంగీతం బహుశా ఈ పనే చేసి ఉంటుంది. గోడకు సున్నం వేసినవాణ్ని బొమ్మ ఎందుకు గీయలేదని అడగకూడదు కదా.

అలాగని స్కైరిమ్‌లో బాణీలు లేవని కాదు. బృందగానంతో వచ్చే ప్రధాన బాణీలో, అదే వరుసలో ముందు వచ్చిన 2002 నాటి మారోవిండ్ ఆట బాణీ ఎముకలా ఉంటుంది, మధ్యలో 2006 నాటి ఆబ్లివియన్‌లోనూ వినిపిస్తుంది. దాన్ని ఎక్కడ పడితే అక్కడ వాడకపోవడం వల్లే వచ్చినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

ట్రాక్‌ల సంఖ్య గురించి కూడా ఒక మాట. 2015 నాటి అండర్‌టేల్ ఆటకు టోబీ ఫాక్స్ ఇచ్చింది 101 ట్రాక్‌లు, మొత్తం నిడివి రెండు గంటల పైచిలుకు మాత్రమే. వాటిలో చాలా నిమిషం లోపువి. మొదట్లో చిన్న బీప్ శబ్దాలతో వినిపించిన బాణీయే చివర్లో ఆరు నిమిషాల పాటగా తిరిగి వస్తుంది. ఆటలో ఒక్కసారే వచ్చే సంగీతానికి కొలత ఏమిటని మీరు అడిగారు. అది ఒక్కసారి వచ్చినా, దాని లోపలి బాణీని మీకు అంతకుముందు ఇరవైసార్లు వేరే రూపాల్లో వినిపించి ఉంటే, అది మొదటిసారి విన్నట్టు ఉండదు. మీ ఎక్స్‌పెడిషన్ 33ను ఈ దృష్టితో ఇంకోసారి వినండి. మొదటి నగరంలో వచ్చే స్వరాలను పట్టుకుని, మిగిలిన ఆల్బమ్‌లో వాటి కోసం వెతకండి.

బ్రాడీపేట అడ్డరోడ్డు

సున్నం పోలిక బాగుంది, కానీ సున్నానికి కూడా రెండు పూతలు చాలు. ఎనిమిది పూతలు వేస్తే ఇంటి యజమాని బిల్లు చూసుకుంటాడు.

తెనాలి హార్మోనియం

పద్దులు గారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను. హార్మోనియం పని కూడా చాలావరకు సున్నం పనే. శ్రుతి ఇస్తూ కూర్చోవడం. జనం వన్స్ మోర్ అనేది నటుడికి, మా నాన్నగారికి కాదు. హార్మోనియం ఆగిపోయిన రోజున మాత్రం ఆయన పేరు అందరికీ గుర్తొచ్చేది.

కృష్ణలంక శ్రోత

పద్దులు గారు చెప్పినట్టే ఈ వారం ఆల్బమ్ మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి నియమం మార్చాను. మొదటి నగరంలోని బాణీని ఐదారుసార్లు విని బాగా పట్టుకున్నాక మిగతావాటిలోకి వెళ్లాను. బుధవారానికి పదకొండు చోట్ల దాని ఛాయలు దొరికాయి, అందులో రెండు నా భ్రమ కూడా కావచ్చు. కిందటిసారి నేను మరిచిపోయిన ట్రాక్‌లలో నాలుగు వాటిలో ఉన్నాయి. ఇంకా ఐదు గంటల సంగీతం మిగిలి ఉంది. గుర్తు లేని ట్రాక్‌లన్నీ నీళ్లేనన్న నా మాట మాత్రం ఇప్పటికి వెనక్కి తీసుకుంటున్నాను.

పెర్సోనా పాట రెండో చరణాన్ని నిన్న రాత్రి అమ్మకు స్పీకర్లో వినిపించాను. శ్రద్ధగానే విన్నది. అయిపోయాక, "ఇది వేరే పాట కదరా, మనది పెట్టు" అన్నది.